కంచె అవతలి దగ్గు

"ముందు నిన్ను తూస్తారమ్మా, తరవాత నీ పెట్టెని," అంది లలితాంబ.

"మనుషుల్ని కూడానా పిన్నిగారూ?" అని ఛాయ నవ్వింది.

"మరేటనుకున్నావు? చిన్న విమానం, ఇరవై మంది పడతారు. బస్తాలు తూసే కాటా మీద నిలబెట్టి బరువు రాసుకుంటారు. సిగ్గుపడకు."

భిలాయి రిసాలిలోని లలితాంబ క్వార్టర్‌కి ఛాయ రావడం అదే మొదటిసారి. కోహ్కాలో ఉన్న అక్కని చూడ్డానికి వచ్చిందట. భర్తకి హిమాలయాల్లో ఓ కొండ ఊళ్లో ఉద్యోగమనీ, తనొక్కతే విమానంలో అక్కడికి వెళ్లాలనీ చెప్పింది. ఆ దారి తెలిసిన మనిషి ఈ ఊరు మొత్తమ్మీద లలితాంబగారొక్కరేనని ఎవరో అన్నారట.

ఆ మాట నిజమే. ఆరేళ్లుగా ఏటా అక్టోబరులో లలితాంబ హౌరా మెయిలెక్కి కలకత్తా వెళ్లి, అక్కణ్ణించి ఆ చిన్న విమానం ఎక్కుతోంది. ఎందుకో చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఎవరూ అడగరు.

"ఎడమ పక్క కూర్చో. దిగేముందు రెండు కొండల మధ్యనించి దూరతాది. రెక్క తగిలీసిందనే అనిపిస్తాది. కళ్లు మాత్రం మూసుకోకు, మూసుకుంటే ఇంకా భయం."

"తిరిగొచ్చేటప్పుడో?"

"అదే కష్టం. పొద్దున్నే వెళ్లి రేకుల షెడ్డులో కూర్చోవాలి. మధ్యాహ్నమయితే లోయలోంచి మబ్బు లేచీసి విమానాలు ఆపీస్తారు. సైరన్ మోగిందంటే రన్‌వే మీద ఆవుల్ని తోలుతున్నారన్నమాట. అప్పుడింక షెడ్డు దాటకు. పేర్లు చేత్తో రాసుకుంటారు. రాసుకున్నాక మనిషి ఎక్కాడా లేదా అని చూసే నాథుడుండడు. మబ్బు రాకముందే లేవాలని తలుపేసీస్తారు."

"అవును, టీ కొట్టేమో కంచె అవతల..." అంటూ ఛాయ ఆగిపోయింది.

లలితాంబ తలెత్తింది. "నీకెలా తెలుసు?"

"ఆయన ఉత్తరంలో రాశారు."

బయట ముసురు పట్టింది. అంతలో ప్లాంటులో రెండో షిఫ్టు సైరన్ కూసింది. రోజూ వినే కూతే అయినా లలితాంబ భుజాలు ఉలిక్కిపడ్డాయి.

"ప్లాంటు పని మీదే వెళ్లారు మా ఆయన. డెబ్భై అయిదు అక్టోబరులో. తిరిగొచ్చే విమానం లేచిన పది నిమిషాలకి లోయలో పడిపోయింది. పేర్లు రాసుకున్న కాగితంలో పన్నెండో పేరు రామచంద్రరావు. నలుగురు దొరకనేలేదు. ఆ నలుగురిలో ఈయనొకరు."

"మరి ఏటా ఎందుకెళ్తారు?" అని అడిగింది ఛాయ.

లలితాంబ లేచి వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. నువ్వు అక్కడికే వెళ్తున్నావు కనక చెప్తున్నాను. మొదటి ఏడు ఆ షెడ్డులో ఒక్కర్తినీ కూర్చున్నాను. మబ్బు కమ్మీసి కంచె కూడా కంటికి ఆనట్లేదు. దాని అవతలనించి దగ్గు వినపడింది. రెండు చిన్న దగ్గులు, కాసేపాగి ఓ పెద్ద దగ్గు. పద్దెనిమిదేళ్లు పక్కనుండి విన్న దగ్గమ్మా అది! పరిగెత్తాను. ఎవరూ లేరు. తడి గడ్డి మాత్రం అప్పుడే ఎవరో తొక్కినట్టు వాలిపోయి ఉంది."

"భ్రమేమో..."

"నేనూ అలాగే అనుకున్నాను. మూడో ఏడు మళ్లీ వినపడింది. కిందటేడు దగ్గుతోపాటు పసిబిడ్డ ఏడుపు కూడా. ఆ విమానంలో ఓ పసిపిల్ల ఉండేదిట. ఆ పిల్లా, తల్లీ కూడా దొరకలేదు."

ఛాయ చేతిలో గ్లాసు ఒరిగి టీ చీర మీద ఒలికింది.

"భయపెట్టీసేనా తల్లీ?"

"మీకు భయం వెయ్యలేదా?"

"ఆయనంటే నాకు భయమేటి? దారి తెలీక ఆ మబ్బులో తిరుగుతున్నారే అని దుఃఖం. అందుకే వెళ్తాను. నన్ను చూసయినా ఇంటికొస్తారేమోనని పిచ్చి ఆశ."

ఛాయ తల వంచుకుని చీర మీది మరక తుడుచుకుంది. మరక పోయినా తుడుస్తూనే ఉంది.

"పిన్నిగారూ, తప్పుగా అనుకోవద్దు. మీరు వెళ్తున్నన్నాళ్లూ ఆయనకి శాంతి లేదేమో. మీకూ లేదు. ఛోడ్ దీజియే, వదిలెయ్యండి. ఈసారి వెళ్లకండి."

లలితాంబ కిటికీలోంచి వాన కేసి చూసింది. కళ్లు తుడుచుకోలేదు.

"ఇన్నేళ్లలో వెళ్లొద్దని నాతో ఒక్కరూ అనలేదు," అంది చివరికి. "సరే, వెళ్లను. కానీ నాకో సాయం చెయ్యి. అక్టోబరు పద్నాలుగున, ఆ విమానం పడిన రోజున, ఆ కంచె దగ్గర కాసేపు నిలబడు. దగ్గు వినపడితే, లలిత బాగానే ఉందని చెప్పు. ఆయన కోసం ఇంక ఎదురుచూడదని చెప్పు. హాయిగా వెళ్లిపొమ్మను. చెప్తావా?"

వచ్చింది మొదలు ఛాయ ఆమె కళ్లలోకి సూటిగా చూడటం అదే మొదటిసారి.

"తప్పకుండా చెప్తాను," అంది. వంగి కాళ్లకి దణ్ణం పెట్టింది.

"నువ్వూ, నీ పెనిమిటీ నూరేళ్లు చల్లగా ఉండండమ్మా," అని లలితాంబ ఆమె తల నిమిరింది.

వాన తెరిపిచ్చాక ఛాయ రిక్షా ఎక్కి సుపేలా బజారుకి వచ్చింది. పోస్టాఫీసులో టెలిగ్రాం ఫారం తీసుకుని పైన భర్త అడ్రసు రాసింది. ఆ కింద ఒక్క ముక్కా రాయలేక అలాగే నిలబడిపోయింది. వెనకనున్నాయన "జర జల్దీ, దీదీ" అని తొందరపెట్టాడు. ఛాయ పెదవి కొరుక్కుని గబగబా రాసేసింది.

"లలితాంబ ఇంక రాదు, మీరు దాక్కోనక్కర్లేదు."