ఫిల్టరు పిన్ని

“ఆన్‌లైన్‌లో ఈ ఫిల్టరు పిన్ని పేరుతో రాసేదెవరో ఇప్పుడే తేలాలి!” అంటూ మేనేజరు సర్వీసు గదిలోకి దూసుకొచ్చాడు. చేతిలో కాగితాల కట్ట.

“నేనే సార్,” అంది సీనియర్ క్లర్కు, తెర మీంచి చూపు తిప్పకుండానే. తమ కంపెనీ వాషింగ్ మెషీన్లు వాడేవాళ్ల ఫోరంలో నిన్నటి నుంచి పడిన కొత్త పోస్టులు ఇంకా పదకొండున్నాయి. అవన్నీ చదవందే ఆవిడకి పొద్దుటి టీ కూడా సహించదు.

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందని అనుకోలేదేమో, మేనేజరు కాస్త తడబడ్డాడు. తేరుకుని ఓ కాగితం తీసి చదివాడు. “‘తలుపు రబ్బరు మార్చుకుంటే చాలు నాయనా, ఇంకో అయిదేళ్లు ఢోకా లేదు.’ ఏంటండీ ఇది? గ్యారంటీ అయిపోయినవాళ్లకి మనం చెప్పాల్సిందేంటి?”

“‘కొత్త మోడల్ చూడండి’ అని.”

“మరి?”

“బాగయ్యే మెషీన్‌ని చచ్చిందని చెప్పడానికి నాకు నోరు రాదు సార్.”

“తిన్నింటి వాసాలు లెక్కపెడతారా?”

“లెక్కపెట్టడం లేదు సార్. ఊడిపోతున్నవి బిగిస్తున్నాను.”

పక్క బల్లల దగ్గర టైపు చప్పుడు ఆగిపోయింది. మేనేజరు మొహం కందగడ్డయింది. ఇకమీదట ఆ ఫోరం మొహం చూడనని రాసున్న కాగితం ఆవిడ ముందు పడేశాడు. “సంతకం పెట్టండి. లేదా రాజీనామా ఇవ్వండి.”

ఆవిడది ఇరవై రెండేళ్ల ఉద్యోగం. ఇంట్లో సంపాదన ఆవిడ ఒక్కదానిదే. అయినా కలం తీసి, ఆ కాగితాన్నే వెనక్కి తిప్పి, రాజీనామా రాసిచ్చేసింది. ఒక్క అక్షరం తప్పలేదు.

అప్పుడే తెర మీద ఇంకో కొత్త పోస్టు పడింది.

“కంప్యూటర్ కట్టేయండి!”

“ఇది చదివే లేస్తాను. మరీ తొందరైతే కుర్చీతో సహా మోయించి బయట పెట్టించండి.”

గదంతా వినబడేలా ఆవిడ పైకే చదివింది. “‘పిన్నిగారూ, మెషీన్ కింద నుంచి నీళ్లు ఆగకుండా కారుతున్నాయి. పడకగది దాకా వచ్చేశాయి. కంపెనీకి ఫోన్ చేస్తే మీ ముందు ఇంకా నలభై మంది ఉన్నారంటున్నారు. మావారికి కొత్తది కొందామనడం తప్ప ఇంకేం చేతకాదు. మా మూడుకాళ్ల పిల్లి బీరువా ఎక్కి దిగనంటోంది...’”

ఎవరో కిసుక్కున నవ్వారు. మేనేజరు నవ్వలేదు. రాజీనామా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకున్నాడు. కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన కూలబడ్డాడు.

“తొందరగా జవాబు రాయండి మేడమ్,” అన్నాడు గొంతు తగ్గించి. “ఆ పిల్లి మాదే.”