ఒక్క ఫిలిం మీద గ్రహణం

స్టాండు మీది కెమెరా కదలకూడదు. కొంగు తగిలినా ఫోటో పోయినట్టే.

అది డెబ్బై నాలుగు కార్తీక పున్నమి. వెలుతురుండగానే విజయలక్ష్మి డాబా మీద నుంచి వేయిస్తంభాల గుడిని తీసింది. రీలు తిప్పలేదు. రాహువు చంద్రుణ్ణి కొంచెం కొంచెంగా మింగుతుంటే, అదే ఫిలిం మీద మళ్లీ మళ్లీ నొక్కాలి. అప్పుడు గుడి మీద చందమామలు వరస కడతాయి.

హనుమకొండ చౌరస్తాలో మొగుడు సారంగపాణికి స్టూడియో ఉంది. నెగెటివుల మీద పెన్సిలుతో మొటిమలు చెరిపే పని ఆమెది. కెమెరా మాత్రం ముట్టనివ్వడు. పోరగా పోరగా, పొద్దున నెక్కొండకు పోతూ ఒప్పుకున్నాడు.

“గ్రహణమంత ఒక్క ఫోటోల పట్టి చూపెట్టు. మంచిగొస్తే రేపటి సంది ఆడోళ్ల ఫోటోలన్ని నువ్వే తియ్యి. రాకుంటే కెమెరా మాట మళ్ల ఎత్తద్దు.”

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు. ఇంకాసేపట్లో గ్రహణం పడుతుందనగా అత్త లక్ష్మీనర్సమ్మ మెట్లెక్కి వచ్చింది. ఇంట్లో జపం చేసుకోవలసిన మనిషి! చంకలో కొత్తవాడలో నేసిన జంఖానా.

“మీరెందుకొచ్చిన్రు అత్తమ్మా?”

“మంచు పడుతాంది పిల్లా. కప్పుకో.”

విజయలక్ష్మికి ఒళ్లు మండింది. వీధిదీపం వెలుగు లెన్సు మీద పడుతోందని నల్లకాగితం కోయబోతే, అత్త బ్లేడు లాక్కుంది.

“గ్రహణం పూట ఇనుము పట్టద్దు.”

చేత్తో చింపితే వంకరటింకరగా చినిగింది. దాన్నే ఎలాగో అడ్డం పెట్టింది. లేచి ఆకాశం చూడబోతే అత్త భుజం పట్టి కూర్చోబెట్టింది. జంఖానా నెత్తి మీది నుంచి కాళ్ల దాకా కప్పి, ఎదురుగా గోడలా నిలబడింది. కెమెరా తాకకుండా ఫోటో నొక్కే వైరు పట్టుకున్న చెయ్యి ఒక్కటే బయట మిగిలింది.

“జర జరుగున్రి అత్తమ్మా! నాకు చంద్రుడే కనవడుతలేడు!”

“నాకు కనవడుతాండు గద. నేను చెప్త, నువ్వు ఒత్తు.”

ఫోటో తనదా, అత్తదా? తల ప్రాణం తోకకొచ్చింది. పెనుగులాడితే స్టాండుకు తగులుతుందని పళ్లు బిగబట్టి కూర్చుంది.

“పావు మింగిండు. ఒత్తు.”

నొక్కింది.

“సగమైండు.”

నొక్కింది.

“మొత్తం మింగిండు పిల్లా. రాగి చెంబోలె ఎర్రగున్నడు.”

ఆ మసక వెలుగు ఫిలిం మీద పడాలని వైరు అలాగే నొక్కి పట్టింది. నల్లతెలుపు ఫిలిం మీద ఆ ఎరుపు ఎలాగూ రాదు. కనీసం కళ్లారా చూద్దామంటే అదీ లేదు. ఏడుపొచ్చింది.

ఒత్తు, ఒత్తు అంటూనే అత్త చంద్రుణ్ణి పూర్తిగా విడిపించింది. కింద వీధిలో బావి గిరకలు మోగాయి. జనం స్నానాలకు లేచారు. విజయలక్ష్మి జంఖానా తీసి విసిరికొట్టింది.

“కండ్లతోని చూడకుంట తీసిన ఫోటో ఏం ఫోటో అత్తమ్మా? ఖరాబైతే ఆయనకు ఏం చెప్పాలె నేను?”

లక్ష్మీనర్సమ్మ నిమ్మళంగా ఆమె పక్కన కూర్చుంది.

“ఈ ఫోటో కోసం ఇన్నొద్దులు దాచింది చాలు గని, వాడు రాంగనే చెప్పు బిడ్డా, నీకు మూడో నెలని.”