నొక్కని మీట

కిక్ రాడ్ మీద గారెట్ బలంకొద్దీ తన్నుతూనే ఉన్నాడు గానీ, హ్యాండిల్‌కున్న యాక్సిలరేటర్ మీటకు మాత్రం బొటనవేలు తగలనివ్వలేదు. ఆ మీట పూర్తిగా నొక్కిపట్టి తంతేనే ఇంజన్‌లోకి గాలి నిండుగా పోతుంది, ప్లగ్గు తీసిన చోట బిగించిన మీటర్ ఇంజన్ సత్తువను ఉన్నదున్నట్టు చెబుతుంది. నొక్కకపోతే ఎంత మంచి ఇంజనైనా మూలనపడ్డ ముసలిదానిలాగే కనిపిస్తుంది. అమెరికా పడమటి తీరంలోని ఆరెగాన్ ఇసుక దిబ్బల మీద బండ్లు తోలేవాళ్ళలో ఈ సంగతి తెలియనివాడు లేడు. బండి అమ్ముతున్న లొరెయిన్‌కు తెలియదు.

మీటర్ ముల్లు సగంలోనే ఆగిపోయింది.

"చూశారా లొరెయిన్ గారూ, దీని పని అయిపోయింది," అన్నాడు గారెట్ పెదవి విరుస్తూ.

లొరెయిన్ కళ్ళద్దాలు సర్దుకుని వంగి చూసింది. రేవు దగ్గర చేపల కొట్లో పనిచేసే మనిషి. ముల్లు ఎక్కడుంటే మంచిదో, ఎక్కడుంటే చెడ్డదో ఆమెకేం తెలుసు? అతను చెప్పిందానికి తల ఊపింది. ముందే వేడెక్కించి లోపాలు దాచకుండా చల్లటి ఇంజన్ చూపించడం అమ్మేవాళ్ళ మర్యాదని ఎవరో చెబితే, పొద్దుటినుంచి దాన్ని ముట్టుకోకుండా ఉంచింది. పైగా వెనక మడ్‌గార్డు మీదున్న పగులునూ, వంగిపోయిన ముందు బంపర్‌నూ అతను అడగకముందే తనే చూపించింది. ఆమె ఒక్కో లోపం చూపిస్తుంటే గారెట్‌కు ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది.

అయినా ఆశ చెడ్డది. నాలుగు చక్రాల టూ స్ట్రోక్ రేసు బండ్లు ఇప్పుడు కొత్తవి తయారుకావడం లేదు. ఉన్నవాళ్ళు ప్రాణం పోయినా అమ్మరు. అలాంటిది, కవరు కప్పి గ్యారేజీలో దాచిన బండి తన కళ్ళ ముందుంది. అడిగిన ధర ఇచ్చి కొనే తాహతు తనకు లేదు.

"ఒకసారి స్టార్ట్ చేసి చూడవా బాబూ?" అంది లొరెయిన్.

స్టార్ట్ చేస్తే ఒక్క తన్నుకే అందుకుంటుందనీ, తన బండారం బయటపడుతుందనీ గారెట్‌కు తెలుసు. ఈ స్థితిలో తిప్పితే ఇంకా పాడైపోతుందని చెప్పి, అడిగినదాంట్లో సగానికి బేరం పెట్టాడు. ఆమె మారు మాట్లాడకుండా సరేనంది.

ఎగిరి గంతెయ్యాల్సినవాడికి సిగ్గేసింది. కాగితాలు తెస్తే సంతకం పెట్టించుకుని త్వరగా బయటపడదామనుకున్నాడు. ఆమె కదల్లేదు. సీటు మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది.

"ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు. ఇలాంటి ఇంజన్, నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి బిగుసుకుపోతుందా?"

"పోతుంది," అన్నాడు గారెట్, ఆమె వంక చూడకుండా. "వేడెక్కి బిగుసుకుంటుంది. చల్లారాక ఏమీ ఎరగనట్టు మళ్ళీ తిరుగుతుంది."

పాడైన ఇంజన్ల విషయంలో అది అక్షరాలా నిజం. ఈ ఇంజన్ విషయంలోనే పచ్చి అబద్ధం.

లొరెయిన్ బోర్లించిన బకెట్ మీద కూలబడింది. కిందటి వేసవిలో కొడుకు వెస్లీ, ఒక్కడే ఎక్కాల్సిన ఈ బండి మీద చెల్లెలు టెస్సాను వెనక ఎక్కించుకుని దిబ్బల్లోకి పోయాడట. బండి పల్టీకొట్టి పిల్ల కాలు విరిగింది. ఇప్పటికీ కుంటుతూనే నడుస్తోంది. ఇంజన్ బిగుసుకుపోయిందని వెస్లీ చెబితే ఆమె నమ్మలేదు. గొప్పలకు పోయి చెల్లెల్ని అవిటిదాన్ని చేశావనీ, నీ మొహం నాకు చూపించొద్దనీ అంది. వాడు పడవల మీద పీతలు పట్టే పనికి పోయాడు, మళ్ళీ గడప తొక్కలేదు.

"కన్నకొడుకుని పట్టుకుని అబద్ధాలకోరు అన్నాను బాబూ. నువ్వు రాకపోతే ఆ మాట మీదే చచ్చిపోయేదాన్ని."

మీట నొక్కలేదని గారెట్ చెబితే చాలు. చెప్పబోయాడు కూడా. కానీ ఆమె అప్పటికే కళ్ళు తుడుచుకుని, చిన్నపిల్లలా నవ్వుతూ ఫోన్ అందుకుంది. ఇప్పుడు నిజం చెబితే తనతోపాటు ఆ కుర్రాడు కూడా మళ్ళీ దొంగైపోతాడు. పోనీలే, నా పాపం వల్ల తల్లీకొడుకులు కలుస్తున్నారు కదా అని సర్దిచెప్పుకున్నాడు. ఆ మాట అతనికే అతకలేదు. పానాలు ఏరుతున్నట్టు నటిస్తూ చతికిలబడ్డాడు.

లొరెయిన్ ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టింది.

"వెస్లీ, నేనురా. నన్ను క్షమించరా నాన్నా. బండి కొనడానికొచ్చినాయన మీటర్ పెట్టి చూశాడు. ఇంజన్ పాడైపోయిందట, నువ్వు చెప్పిందే నిజమట. ఇంటికి వచ్చెయ్యి."

అవతల పడవ ఇంజన్ చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. వస్తున్నానని ఒక్క మాట అనెయ్ అని గారెట్ మనసులోనే వాణ్ణి బతిమాలుకున్నాడు. ఆ మాట అంటే, జన్మలో మళ్ళీ ఎవర్నీ మోసం చెయ్యనని ఒట్టు కూడా పెట్టుకున్నాడు.

"అమ్మా, ఆ బండి బిగుసుకోనేలేదు, అబద్ధం చెప్పింది నేనే," అన్నాడు వెస్లీ ఏడుస్తూ. "నిక్షేపంలాంటి ఇంజనే అది, ఆ పక్కనున్నవాడు నిన్ను మోసం చేస్తున్నాడు."