పిట్ట ముట్టిన మాట

“ఇంకేం కోరిక మిగిలిందిరా కొడుకా? ముట్టరా!”

సాగర్ కాలువ గట్టున విస్తరి ముందు కూర్చుని బుచ్చమ్మ ఏడుస్తోంది. విస్తట్లో ప్రశాంత్‌కు ఇష్టమైన కోడికూర, గారెలు. పోయినవాడి కోరిక తీరుస్తామని మాటిస్తే గానీ పిట్ట ముట్టదంటారు. తుమ్మచెట్టు మీది కాకి మాత్రం కదలడం లేదు.

సగంలో ఆగిన ఇల్లు పూర్తిచేస్తామన్నారు. చెల్లెలు కవితను నర్సింగ్ చదివిస్తామన్నారు. వాడికి చాయ్ అంటే ప్రాణమని ఎవరో ఫ్లాస్కు కూడా తెచ్చి పెట్టారు. కాకి దిగలేదు.

హైదరాబాద్‌లో ప్రశాంత్‌తో కలిసి పనిచేసే మహేష్ ముందుకొచ్చాడు.

“మన మిషన్ నేను పూర్తిచేస్త ప్రశాంత్. ఎన్నేండ్లయినా పైకి పంపుతం.”

కాకి మెడ తిప్పుకుంది.

“అదేం మిషన్ బిడ్డా?” అడిగింది బుచ్చమ్మ. కొడుకు ఏం పనిచేసేవాడో ఆమెకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు, పాపం.

“ఆకాశంల తిరిగే రాళ్లను తవ్వే మిషనమ్మా, గ్రహశకలాలంటరు. వాటిల్ల ఇనుము, ప్లాటినం, నీళ్లు గూడ ఉంటయి. భూమ్మీది నుంచి పైకి సామాను పంపాల్నంటే మస్తు ఖర్చు. గా నీళ్లతోని గాడనే ఇంధనం, గా ఇనుముతోని గాడనే ఫ్యాక్టరీలు చేసుకుంటే గిట్టుబాటైతది.”

ప్రశాంత్ తండ్రి మట్టయ్య తల వంచుకుని దగ్గుతున్నాడు. సున్నపురాయి క్వారీ ఇచ్చిన దగ్గు అది. ఈ మాటలన్నీ అతను కొడుకు నోట ఫోన్లో విన్నవే. ఆఖరిసారి విన్నప్పుడు కూడా వెక్కిరించాడు.

“గీడ గుట్టలు ఖతమైనయారా, ఆకాశం దాక పోతందుకు?”

“గీడి రాయి అగ్గువే నాయినా. నీ ఊపిరితిత్తుల ఖర్చు అండ్ల కలపరు గద, అందుకే అగ్గువ. గాడ దుమ్ము పీల్చేటోడే ఉండడు. మా మిషన్ ఎప్పుడైతదో గానీ, నువ్వు ముందుగాల పని మానుకో.”

“కొడుకు సంపాదన మీద కూసొని తినుడు నాతోని గాదు.”

“అయితే నేనే వచ్చి తోల్కపోత.”

అన్నట్టే తెల్లవారి బైక్ మీద బయల్దేరాడు. సూర్యాపేట దాటాక లారీ గుద్దింది.

“నువ్వు చెప్పయ్యా!” బుచ్చమ్మ భర్త వైపు తిరిగింది. “వాడు మొత్తుకున్నది నీ గురించే గదా. నీ కొడుకు పానం పోయిన పొద్దు గూడ క్వారీకని అన్నం డబ్బా కట్టిచ్చుకొని పోతివి.”

మట్టయ్య విస్తరి ముందుకొచ్చాడు.

“మానేస్త కొడుకా. ఇగ క్వారీల కాలు పెట్ట.”

కాకి దిగి ముద్ద ఎత్తుకుంది. అందరూ చేతులు జోడించారు.

“గీ ముక్క ఫోన్లనే చెప్తే నా కొడుకు బతికుంటుండె గదయ్యా!” అంటూ బుచ్చమ్మ అతని గుండెల మీద బాదింది. మట్టయ్య ఆమెను ఆపలేదు.

ఆ ఫోన్ వచ్చేనాటికే అతన్ని క్వారీలోంచి తీసేసి నెలయింది.