బొమ్మలు కనిపించని పేజీ

"ఇదేంటి మామయ్యా, మా ఫర్నిచర్ షోరూమ్ సైట్‌కి నల్ల ముసుగేశారు?" అల్లుడు సోఫాలోంచి లేవకుండానే నవ్వాడు.

మామగారి ఒళ్ళో ఉన్న పాత ల్యాప్‌టాప్ తెర నిండా నలుపు, దాని మీద తెల్లటి అక్షరాలు. బొమ్మలు చూపించని బ్రౌజర్ అది. సోఫా ఫొటో ఉండాల్సిన చోట 'సోఫా' అన్న మాట మాత్రమే ఉంది. కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరైన ఆయనకి ఆ మాత్రం చాలు.

"మౌస్ కూడా అక్కర్లేదా? ఇంకా నయం, పలకా బలపం తెచ్చుకోలేదు. ఏమే, చూశావా మీ నాన్న వైభోగం!"

టీ తెచ్చిన కూతురు కూడా నవ్వింది. మొగుడు నవ్వితే నవ్వడం, ఆపితే ఆపడం బాగానే అలవాటైంది పిల్లకి, అనుకున్నాడాయన. ఆ సైట్ మొత్తం రాసింది కూతురే. అడుగున 'రూపకల్పన' అని వేసుకున్నది మాత్రం అల్లుడి పేరు.

కప్పు అందుకుంటూ ఆయన వచ్చిన పని కదిపాడు. "అమ్మాయిని నాలుగు రోజులు తీసుకెళ్తాను బాబూ. పెళ్ళయ్యాక మళ్ళీ మా గడప తొక్కలేదు. వాళ్ళమ్మ బెంగపెట్టుకుంది."

"నేనేమన్నా కట్టేశానా? దాన్నే అడగండి."

"నేను రాను నాన్నా," అంది కూతురు వెంటనే. "ఇక్కడ నాకేం తక్కువ?"

"ఫోన్లోనూ ఇదే పాట. మీ అమ్మతో ఒక్కసారైనా మనసు విప్పి..."

"స్పీకర్ పెట్టి మరీ మాట్లాడిస్తున్నానుగా, ఇంకేం కావాలి?" అల్లుడు అడ్డొచ్చాడు. "మా ఇంట్లో దాపరికాలుండవు మామయ్యా."

ఆయన మొహం తిప్పుకున్నాడు. ఇదే నల్ల తెర ముందు కూర్చుని పేజీలు రాయడం నేర్చుకుంటూ, నేర్పే తనకే తప్పులు పట్టిన పిల్ల. ఇప్పుడు షోరూమ్‌లో సోఫాలా, కూర్చున్నవాడి కింద అణిగిపోతోంది.

"సరే, వెళ్తాను. పేజీ సేవ్ చేసుకున్నాలే, మీ అమ్మకి చదివి వినిపిస్తాను."

"అలా కాదు నాన్నా!" మూయబోతున్న ల్యాప్‌టాప్‌కి కూతురు చెయ్యి అడ్డం పెట్టింది. "అలా సేవ్ చేస్తే పైకి కనిపించే మాటలే వస్తాయి. సోర్స్ తెరిచి సేవ్ చేసుకో. అంత పెద్ద మాస్టారివి, నా రాతలో తప్పులు పట్టవా?"

"బోలెడు దొరుకుతాయి, పట్టండి," అన్నాడు అల్లుడు.

ఆయన ఒక మీట నొక్కాడు. మాటల వెనక పేజీని నిలబెట్టే గుర్తులన్నీ తెర మీద బారులు తీరాయి. అల్లుడు ఓసారి తొంగిచూసి "చీమల పుట్ట!" అని మూతి విరిచాడు. ఆయన సేవ్ చేసుకుని లేచాడు. కూతురు గుమ్మం దాకా కూడా రాలేదు.

బస్టాండు బెంచీ మీద కూర్చున్నా కడుపుమంట చల్లారలేదు. మొగుడి పక్కన చేరి కన్నతండ్రికే సవాలా! పడతాను, ఒక్కటీ వదలను, అనుకుంటూ ఫైలు తెరిచాడు.

ఒక్కో వరసే దిగుతున్నాడు. తప్పు ఒక్కటీ దొరకలేదు. దాంతో ఒళ్ళు ఇంకా మండింది. ఇంత తెలివి పెట్టుకుని ఆ వెధవకి ఊడిగమా! సోఫాలు దాటాడు, మంచాలు దాటాడు, అడుగుకి చేరాడు. అక్కడ అల్లుడి పేరు. దాని కింద, బ్రౌజర్ ఎవరికీ చూపించకుండా దాటేసే గుర్తుల మధ్య ఇంకో వరస ఉంది. ఆ గుర్తులు పెట్టడం కూతురికి ఒకప్పుడు తనే నేర్పాడు.

బస్సు వచ్చి ఆగింది. ఆయన ల్యాప్‌టాప్ మూయకుండానే చంకలో ఇరికించుకుని, బస్సుని దాటుకుని, వచ్చిన దారినే పరుగులాంటి నడక అందుకున్నాడు. తెర మీద ఆ వరస ఇంకా వెలుగుతూనే ఉంది.

"నేను రానంటే నమ్మకు నాన్నా."