దోసిందా ఇంటి గాలి

స్పెయిన్‌లోని గలీసియా రాతినేలలోంచి రేడాన్ అనే వాయువు ఇళ్లలోకి చేరి, గాలాడని కింది గదుల్లో పేరుకుంటుందనీ, అది ఊపిరితిత్తులకు చేటనీ సబేలా ఆరు నెలలపాటు ఫేస్‌బుక్‌లో మొత్తుకుంది. వీడియోలకు లైకులు వేలల్లో వచ్చాయి. వాళ్ల ఊళ్లో ఆ వాయువును కొలిచే పరీక్ష డబ్బా అడిగింది మాత్రం ఆమె అత్త దోసిందా ఒక్కతే.

మూడు నెలలయ్యాక దాన్ని తీసుకెళ్దామని సబేలా వస్తే, డబ్బా పెరట్లో ద్రాక్ష పందిరికి వేలాడుతోంది.

సబేలాకు ఒళ్లు మండింది. "అత్తా! కింది గదిలో పెట్టమని వీడియోలో గొంతు చించుకున్నానే! ఆరుబయట కడితే ఏం తేలుతుంది?"

"ఇరవైసార్లు చూశాలేవే నీ వీడియో. అందుకే ఇక్కడ కట్టా. మంచి అంకె రావద్దూ?"

"ఎవర్ని మోసం చెయ్యడానికి? నన్నా?"

దోసిందా కింది గది కిటికీ వైపు చూసింది.

"మీ మామ పోయేదాకా పడుకుంది ఆ గదిలోనే. చలి తగలకూడదని కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కింది నేనే. సిగరెట్ ముట్టని మనిషికి ఊపిరితిత్తుల క్యాన్సరన్నారు. ఆ డబ్బా చెడ్డ అంకె చూపిస్తే, ఇక నేనెట్లా బతకనే?"

సబేలా మెల్లగా అడిగింది.

"ఇప్పుడా గదిలో ఎవరు పడుకుంటున్నారత్తా?"

"ఇంకెవరు? ఆయన మంచం మీద నేనే."