వంతులమ్మ కూతుళ్లు

"నీ వంతు అయిపోయిందే. ఇక లే. నడిపిదాన్ని పంపు," అంది వంతులమ్మ.

పెద్దకూతురు కుర్చీ వెనక్కి నెట్టింది. "సగం అన్నం వదిలేశావు. ఊరందరి కడుపుల కోసం గొడవపడ్డావు గానీ నీ కడుపు సంగతి పట్టదు కదా నీకు!" అని కసిరి బయటికి నడిచింది.

చెప్పుల చప్పుడు ఆసుపత్రి వరండా చివరిదాకా పోయింది. కాసేపు ఏమీ లేదు. మళ్లీ చెప్పుల చప్పుడు, ఈసారి ఇటువైపు.

వంతులమ్మ ఊపిరి బిగబట్టి వింది. అక్కాచెల్లెళ్లు ఆ వరండాలో ఎదురుపడే ఉండాలి. ఒక్క మాటైనా వినపడదేం? కనీసం ఒక్క దగ్గు? శ్మశానంలో కూడా అంత నిశ్శబ్దం ఉండదు.

తల్లీకూతుళ్లు నలుగురూ ఎక్కిన బస్సు బోల్తా పడింది. ఆమెకి చూపు పోయింది. చెవుల్లో ఈగల రొద మిగిలింది. కూతుళ్లకి మాత్రం గీసుకుపోయిందంతే, గండం గడిచింది అని చిన్నది చెప్పింది. ఆ మాట పట్టుకునే ఆమె బతికింది.

వంతులమ్మ అసలు పేరు కాదు. కుట్టు ఫ్యాక్టరీలో గుండీలకి కాజాలు కుట్టే మిషన్ ఉన్నది ఒక్కటే. మేస్త్రీ మరదలైనా సరే, తన వంతు కాగానే లేచి వరస చివరికి పోవాల్సిందేనని యజమాని గుమ్మం ముందు బైఠాయించి మరీ సాధించింది. ఆ పేరు అప్పటిది. వార్డులోకి ఒక్కరినే రానిస్తామంటే కూతుళ్లకీ అదే పద్ధతి పెట్టింది.

"ఏమ్మా లీడరూ, సమ్మె ఎందాకా వచ్చింది?" నడిపిది నవ్వుతూ కూర్చుంది.

"బయట అక్క కనపడిందా?"

"నేనొచ్చేసరికి వెళ్లిపోయింది."

"రోజూ అదే మాట చెబుతావు."

నడిపిది నవ్వు ఆగింది. గొంతులు చిన్నప్పటి నుంచీ ముగ్గురివీ ఒకటే. ఫోనెత్తితే కన్నతండ్రే తికమకపడేవాడు. కసిరితే పెద్దది, నవ్వితే నడిపిది, మాట లోపలే ఉంచుకుంటే చిన్నది.

తరవాత చిన్నది వచ్చింది. కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది.

"ఏం పాఠం నడుస్తోందే?"

"రౌండ్ రాబిన్ అని. నీ కాజా మిషన్ లాంటిదేనమ్మా. కంప్యూటర్‌లో పనిచేసే బుర్ర ఒక్కటే. పనులు బోలెడు. ఒక్కోదానికీ కాస్త సమయం ఇస్తుంది. సమయం అయిపోతే, పని సగంలో ఉన్నా సరే, లేపేసి వరస చివరికి పంపేస్తుంది. తరవాతిదాన్ని కూర్చోబెడుతుంది."

"మళ్లీ వచ్చినప్పుడు ఎక్కడ ఆపిందో దానికి గుర్తుండొద్దూ?"

"అది ఆ బుర్రే దాచిపెట్టాలి. ఏది ఎక్కడ ఆగిందో, అన్నీ. ఒకదానిది ఇంకోదానికి ఇచ్చిందా, కొంప మునిగినట్టే. సరిగ్గా తిప్పితే మాత్రం చూసేవాళ్లకి అన్నీ ఒకేసారి నడుస్తున్నట్టుంటుంది."

"పాపం, అలిసిపోదూ?"

చిన్నది లేచి కూజా వంచింది. నీళ్ల గ్లాసు తల్లి నోటికి అందించింది.

వంతులమ్మ గ్లాసు పక్కకి తోసింది. "మీరూ అలాగే తిరుగుతున్నారు నా చుట్టూ. ఒకతి వస్తే ఇంకొకతి పోతుంది. ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఏమిటే మీ గొడవ?"

"గొడవేం లేదమ్మా."

"నోర్ముయ్! కళ్లు పోయాయి గానీ బుద్ధి పోలేదు నాకు. ఆ ఇంటి వాటాల గురించేనా? ఎవరు ఎవరినేం అన్నారు?"

"ఎవరూ ఏమీ అనలేదు."

"రేపు నా తల కోస్తారు. లేస్తానో లేదో డాక్టరే చెప్పలేకపోయాడు. మీరిలా ఎడమొహం పెడమొహంగా ఉండగా నేను పోతే, దయ్యమై ఈ వరండాలోనే తిరుగుతాను. ముగ్గురూ కలిసి రండి."

"ఒకేసారి కుదరదమ్మా."

"ఎందుకు కుదరదు? సిస్టర్!"

నర్సు వచ్చింది. ఆ వార్డులో ఆమె గదమాయించని మనిషి లేడు.

"సిస్టరమ్మా, ఈ ఒక్క పూట నా ముగ్గురు కూతుళ్లనీ కలిపి రానివ్వు. నీకు పుణ్యముంటుంది."

నర్సు ఆమె దుప్పటి సర్దింది. "అలాగేనమ్మా," అంది. ఆ గొంతులో గదమాయింపు లేదు.

సాయంత్రానికి వచ్చారు.

"అన్నం మానేసి ఈ పంచాయితీ ఏంటమ్మా?" అని కసురుతూ పెద్దది.

"రాజీ ఒప్పందమా లీడరూ? సంతకాలెక్కడ పెట్టమంటావు?" అని నడిపిది.

"నేనూ ఉన్నానమ్మా," అని మెల్లగా చిన్నది.

వంతులమ్మ మొహం వెలిగిపోయింది. ఎన్నాళ్లకి ఒక్క గదిలో! అయినా ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడదేం? పుట్టి బుద్ధెరిగి వీళ్లు ఇంత పద్ధతిగా మాట్లాడి ఎరుగరు. ఇంకా కోపాలు చల్లారలేదు కాబోలు.

"ఇక వంతులు చాలు. ముగ్గురూ కుడిచేతులిలా ఇవ్వండి. కలిపి పట్టుకుంటాను," అని దుప్పటి మీద చేతులు చాపింది.

పెద్దది కుడిచెయ్యి ఇచ్చింది, నడిపిది ఎందుకో ఎడమచెయ్యి ఇచ్చింది, "మరి నీదేదే?" అంటే చిన్నది, "నాకింక చేతుల్లేవమ్మా!" అంటూ ఆ రెండు చేతుల మధ్య నుంచే భోరుమంది.